వంటగట్టు ఎత్తు

మా వంటగట్టు ఎత్తు ముప్ఫైమూడు అంగుళాలు. మా అమ్మ పొట్టి మనిషి. ఆవిడ కొలతకి మా నాన్న కట్టించిన గట్టు అది. దాని ముందు ఇరవై రెండేళ్ళు వంగి వంట చేసిన మా ఆవిడ మాత్రం నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. పనిలోకి వచ్చిన కొత్తలో తోటి కూలీలు ఆమెను గడకర్ర అనేవాళ్ళు. నేను గోడ కడుతుంటే ఆమె సిమెంటు కలిపి అందించేది. పరంజా మీదున్న నాకు కింద నుంచే చేతులు చాచి తట్ట అందించగలిగిన మనిషి మా గుంపు మొత్తంలో ఆమె ఒక్కతే. అలా అందిస్తూ అందిస్తూ మా ఇంటికే వచ్చేసింది. పెళ్ళయ్యాక కూడా నన్ను మేస్త్రీ అనే పిలిచేది, కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా.

"గట్టు ఒక్క నాలుగంగుళాలు లేపు మేస్త్రీ, నడుం పడిపోతోంది" అని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఊళ్ళో అందరి వంటిళ్ళూ బాగుచేసి వచ్చేవాణ్ణి. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి "ఈ పని ఒక్కటీ అవనీ" అనేవాణ్ణి. ఆ పని అయ్యేది, ఇంకోటి తగిలేది. అటక సంగతీ అంతే. ఆమెకే చెయ్యందని ఎత్తులో ఉంటుంది, తీసిపారేసి అరలు కొట్టమంది. ఇదిగో అదిగో అంటూ పదకొండేళ్ళు నెట్టుకొచ్చాను. బద్ధకం అంటే బద్ధకమే. దానికి ఇంకో పేరు పెట్టి నన్ను నేను వెనకేసుకు రాను.

ఆ ఏడు ఎండలు ముదిరిన మొదటి వారంలో అటక మీది పెద్ద గిన్నె కోసం స్టూలెక్కింది. స్టూలు కాలు జారింది. పడటం పడటం వెన్ను వెళ్ళి సరిగ్గా గట్టు అంచుకు తగిలింది.

పంతొమ్మిది రోజులు ఆస్పత్రి. ఇంటికి పంపే ముందు రోజు ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చుకోవడానికి నేనొక్కణ్ణే వెళ్తే డాక్టరు కూర్చోబెట్టాడు. మంచి మనిషి, నాన్చకుండా చెప్పాడు. "నడుం కింద ఇక పట్టు రాదండీ. కుర్చీలోనే గడవాలి. వ్యాయామం చేయిస్తాం, అది చేతుల బలానికి, ఒళ్ళు బిగుసుకుపోకుండా. నడుస్తారని మాత్రం కాదు." ఫిల్ములు నా చేతికిస్తూ, "ఆవిడకి నన్ను చెప్పమంటారా, మీరు చెప్తారా?" అన్నాడు.

నేనే చెప్తానన్నాను. అప్పుడు నిజంగానే చెప్తాననుకున్నాను.

మర్నాడు చక్రాల కుర్చీలో ఇంటికి తీసుకొచ్చాం. నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళమంది. లోపలికి ఒకసారి కలయజూసి, "ఒకందుకు మంచిదే అయింది మేస్త్రీ" అంది.

"ఏంటి మంచిది?"

"నేను లేచేసరికి రెండు మూడు నెలలు పడుతుందిగా. అప్పటిదాకా వంటిల్లు ఖాళీయే. ఇప్పుడు కూడా చెయ్యకపోతే ఇంక నువ్వు చేసేదెప్పుడు? ఆ దిక్కుమాలిన అటక పీకెయ్. గోడలు చూడు, మసి పట్టి ఎలా ఉన్నాయో. గట్టు నాలుగంగుళాలు లేపు. నేను లేచి నిలబడ్డ రోజు నడుం వంచకుండా కూర తరుక్కోవాలి."

చెప్పాల్సిన చోటు అదే. మా అమ్మాయి పక్కనే ఉంది, కాలేజీకి సెలవులు, తోడుగా ఉంటుంది. పట్టుకోవడానికి నేనున్నాను. నోరు తెరిచాను కూడా.

"సరే, నాలుగే కదా" అన్నాను.

ఇక పని మొదలైంది. చేతిలో ఉన్నదంతా ఆస్పత్రికే పోయింది, కాబట్టి కొత్తది కొనే మాటే లేదు. మొదటి రోజు అటక మీద పడ్డాను. సమ్మెటతో ఒక్కో దెబ్బ వేస్తుంటే ఇల్లంతా అదిరింది. గుమ్మంలోంచి మా ఆవిడ, "మెల్లగా మేస్త్రీ, పాపం అదేం చేసింది నిన్ను?" అంది. అమ్మాయి నవ్వింది. నాకు కళ్ళలో దుమ్ము పడి నీళ్ళు కారుతున్నాయని ఇద్దరూ అనుకున్నారు.

పెరట్లో పాత పనుల్లో మిగిలిన టైల్సు పేర్చి ఉన్నాయి. ఒక ఇంటివి పన్నెండు, ఇంకో ఇంటివి ఇరవై. తెల్లవి, మీగడ రంగువి, నీలం అంచువి, ఎవరో ముచ్చటపడి తెప్పించుకుని నచ్చక వదిలేసిన ముదురాకుపచ్చవి. కడిగి తెచ్చి ముందు పోస్తే మా ఆవిడ చెక్క మీద పరిచి గంటలకి గంటలు అటూ ఇటూ మార్చింది.

"ఇది గోడా, అతుకుల బొంతా?" అన్నాను.

"నీకు కట్టడమే తెలుసు, చూడటం తెలీదు. ఆకుపచ్చవి పొయ్యి వెనకాల పెట్టు, జిడ్డు కనపడదు. నీలం అంచు ఒక్క వరుస, కంటికి సమంగా. నిలబడితే కంటికి సమంగా, ఇప్పటి నా కంటికి కాదు."

ఆమె చెప్పిన ఎత్తులోనే పెట్టాను.

అల్మారా తలుపులు అమ్మాయి గరుకు కాగితంతో రుద్ది, రెండు డబ్బాల అడుగున మిగిలిన రంగులు కలిపి వేసింది. కలిపాక వచ్చిన రంగుకి పేరు లేదు. "ఇదేం రంగే?" అని వాళ్ళమ్మ అడిగితే "మిగిలిన రంగు" అంది. రెండు పూతలు వేసేసరికి, చెప్పకూడదు గానీ, కొత్తవాటికంటే బాగున్నాయి. కొత్తగా కొన్నవంటే తలుపుల పిడులు మాత్రమే. అటక చెక్కతో మూడు అరలు కొట్టాను. ఇంట్లో ఇంత నవ్వు ఎప్పుడు విన్నామా అని ఆలోచిస్తే నాకు గుర్తు రాలేదు. ఆ నవ్వే నా పీక మీదకి తెచ్చింది. నవ్వే మనిషికి చెప్పడం ఎలా? రేపు చెప్దాం, ఈ గోడ అయ్యాక చెప్దాం. నా పాత అలవాటే, గట్టు విషయంలో పనికొచ్చినట్టే ఇక్కడా పనికొచ్చింది.

వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించడానికి ఒక పిల్ల వచ్చేది. ఆస్పత్రి వాళ్ళు పంపారు, ముక్కుసూటి మనిషి. ఏ రోజు ఏం చెయ్యాలో గళ్ళు గీసి ఉన్న కాగితం ఒకటి ఇచ్చి వెళ్ళింది. మా ఆవిడ రోజూ అన్నీ చేసి పెన్సిలుతో టిక్కు పెట్టేది. చేతులతో పైకి లేస్తుంటే మెడ నరాలు ఉబ్బేవి, చెమటతో జాకెట్టు తడిసిపోయేది. అయిపోగానే నావైపు చూసేది. నేను గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ణి. కొట్టకుండా ఎలా ఉంటాను చెప్పండి.

నాలుగో వారంలో ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నన్ను ఆపింది. "అంకుల్, ఆంటీ నన్ను ఈ రోజు ఏమడిగారో తెలుసా? ఎన్నో నెలలో నిలబడతానని. మీరు చెప్పలేదా?"

"చెప్తానమ్మా. వంటిల్లు ఒక్కటీ అవనీ."

"వంటింటికీ దీనికీ ఏంటి సంబంధం?"

"పని అయ్యేదాకా ఆగమ్మా. నీకు పుణ్యముంటుంది" అని చేతులు పట్టుకున్నంత పని చేశాను.

"నేను అబద్ధం చెప్పను అంకుల్. అడిగితే డాక్టర్ని అడగమన్నాను, అంతే. ఇంకోసారి అడిగితే అలా అనలేను."

అంటే నాకు గడువు పెట్టి వెళ్ళింది. ఇక మిగిలింది గట్టు ఒక్కటే. రంగులు అయ్యాయి, టైల్సు అయ్యాయి, అరలు అయ్యాయి, చివరికి ఎవరూ అడగని కిటికీ మెష్ కూడా విప్పి కడిగి బిగించాను. "గట్టెప్పుడు?" అని రోజూ అడుగుతూనే ఉంది. ఎంతెత్తున కట్టాలి? ఆమె అడిగినట్టు ముప్ఫైఏడుకి లేపితే ఆ కుర్చీలోంచి చెయ్యి ఆనదు. కుర్చీకి తగ్గట్టు దించితే, దించడమే చెప్పడం. ఇన్నేళ్ళ పనిలో కొలత తెలియక చేతులు ఆగింది ఆ ఒక్కసారే.

చివరికి నేను చేసింది ఇది. ఒక పెద్దింటి పనిలో మిగిలిన నల్ల బండ, మూల కొంచెం పెచ్చు ఊడింది, ఊరికే ఇచ్చారు. పాత గట్టు పడగొట్టి రెండు చివరలా ఇటుక గోడలు లేపాను. నడిమి గోడ కట్టకుండా, బండ బరువు మోయడానికి అడ్డంగా ఇనుప కమ్మీ వేశాను. "మధ్యలో గోడ ఏది?" అని అమ్మాయి అంటే "చెత్తబుట్టకి చోటు" అన్నాను. కుర్చీ పట్టేంత చోటు. కింది వరుసలు సిమెంటుతోనే కట్టాను. పైన రెండు వరుసలు మాత్రం సిమెంటు లేకుండా, ఇటుక మీద ఇటుక ఊరికే పేర్చి, వాటి మీద బండ కూడా ఊరికే ఆనించాను. లెక్కకి సరిగ్గా ముప్ఫైఏడు. ఇవాళ్టికి ఆమె ఎత్తు ఆమెకుంటుంది. వారం తర్వాత నేను చెప్పిన రోజున ఆ రెండు వరుసలూ సుత్తి చప్పుడు లేకుండా చేత్తో తీసేసి బండ దించేయొచ్చు. తాపీ పట్టిన దగ్గర్నుంచీ పొడి ఇటుక పేర్చి పని అయిందన్నది ఆ రోజే. బయటివైపు పైపైన పలచటి పూత పూశాను. గట్టు కింద లోపలివైపు ముట్టుకోలేదు. అక్కడ ఏ ఇంట్లోనూ ఎవరూ చూడరు. ఏ మేస్త్రీ పూయడు.

సాయంత్రం నాలుగింటికి అమ్మాయి వాళ్ళమ్మని లోపలికి తోసుకొచ్చింది. ఎండ కిటికీలోంచి టైల్సు మీద పడుతోంది. నేను పక్కకి జరిగి నిలబడ్డాను, పని చూపించే ప్రతిచోటా నిలబడ్డట్టే.

ఆమె టైల్సు చూసింది. తలుపులు చూసింది, అరలు చూసింది. "బాగుంది మేస్త్రీ" అంది. "నిజంగా బాగుంది." అమ్మాయి టీ పెట్టాలని గిన్నె తీసింది. మా ఆవిడ కుర్చీని తనే తోసుకుంటూ గట్టు దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తి బండ అంచు పట్టుకుంది. బండ ఆమె గడ్డం దగ్గరికి వచ్చింది. నవ్వి, "పర్లేదు, లేచాక సరిపోతుంది" అంది. తర్వాత కిందికి చూసింది.

నిలబడ్డవాళ్ళ కంటికి ఆనని చోటు అది. ఆమె నిలబడి లేదు కదా. అంతా ఆలోచించాననుకున్న నేను ఆ ఒక్కటీ ఆలోచించలేదు.

ఇటుకల మధ్య సందులు ఆమె కళ్ళకి ఎదురుగా ఉన్నాయి. వేలితో ఒక సందు తడిమింది. ఒళ్ళో ఉన్న వ్యాయామం కాగితం మడిచి బండ కింద సందులో పెట్టింది. కాగితం లోపలికి దూరిపోయింది. తీసి, మొదటి ఇటుక కింద పెట్టింది. వెళ్ళింది. రెండో ఇటుక కింద పెట్టింది. వెళ్ళింది. మూడో ఇటుక కింద సిమెంటు తగిలి ఆగిపోయింది.

ఏళ్ళ తరబడి నాకు సిమెంటు కలిపిన మనిషి. ఆమెకి ఎవరు చెప్పాలి?

"ఇవి తీసెయ్యడానికి పెట్టినవి" అంది.

"అవును" అన్నాను.

"రెండు వరుసలు తీస్తే ఎంతకొస్తుంది?"

"ముప్ఫై ఒకటి."

తన కుర్చీ చేతులవైపు చూసుకుంది. నడిమి గోడ లేని ఖాళీవైపు చూసింది. "నీకెప్పుడు చెప్పారు?"

"నిన్ను ఇంటికి తీసుకొచ్చే ముందు రోజు."

కాగితం విప్పి ఒళ్ళో పెట్టుకుని మడతలు సాపు చేసింది. "నలభై ఒక్క రోజులు చేశాను" అంది. "నువ్వు చప్పట్లు కొట్టావు."

అమ్మాయి చేతిలో గిన్నె అలాగే ఉంది. ఆ రోజు మా ఇంట్లో టీ పెట్టలేదు.

తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా అమ్మాయితోనే. "మీ నాన్నని తినమను." "మీ నాన్నని ఆ మందు చీటీ అక్కడ పెట్టమను." నేను ఎదురుగానే ఉండేవాణ్ణి. అమ్మాయి కూడా మొహం చాటేసింది. ఒకరోజు పెరట్లో బట్టలారేస్తూ, "అమ్మని చిన్నపిల్లని చేశావు నాన్నా" అంది. "అమ్మ ఒళ్ళు గురించి నీకు తెలుసు, అమ్మకి తెలీదు. ఎలా ఉంటుందో ఆలోచించావా?" బాధ పడుతుందని దాచాననుకున్నాను, ఇన్నాళ్ళూ. తర్వాత ఒంటరిగా కూర్చుని నన్ను నేను నిలదీసుకుంటే తేలింది ఏంటంటే, ఆమె బాధ పడటం నేను చూడలేక దాచాను. రెండూ ఒకటి కావు.

వ్యాయామం పిల్ల వచ్చిన మొదటి మూడుసార్లూ మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగోసారి వచ్చినప్పుడు తలుపేసుకుని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్నాడు పొద్దున అమ్మాయితో, "డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, బండి మాట్లాడమను" అంది.

ఆస్పత్రిలో కుర్చీ తోయబోతే చేతితో ఆపింది. తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. బయట బల్ల మీద కూర్చున్నాను. అరగంట పట్టింది. వచ్చినప్పుడు మొహంలో ఏమీ లేదు. ఏమన్నారని అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది?

ఇంటి దారిలో సగం దూరం వచ్చాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది. "రెండు వరుసలని ఎలా లెక్కేశావు?"

పదో రోజున నాతో మాట్లాడిన మొదటి మాట. "అంచనాకి" అన్నాను.

"కొలవలేదా?"

"కొలిస్తే నీకు తెలిసిపోతుందని."

"ఎవరింటికెళ్ళినా టేపు లేకుండా గడప తొక్కవు. నా దగ్గరికొచ్చేసరికి అంచనా." అప్పుడు నావైపు తిరిగింది. "మూడు తియ్యాలి. అమ్మాయి చేత కొలిపించుకున్నాను. రెండైతే భుజాలు పట్టేస్తాయి. ఒక పూటకా, రెండు పూటలకా."

తలూపాను. అంతకంటే ఏదన్నా అంటే ఏడుపొచ్చేసేది, ఏడ్చే వంతు నాది కాదు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయీ నేనూ కలిసి బండ దించాం. రెండు వరుసలు చేత్తోనే వచ్చేశాయి. మూడోది సిమెంటు పెట్టి కట్టింది, సుత్తి వాడక తప్పలేదు. మా ఆవిడ పక్కనే కూర్చుని ప్రతి దెబ్బా విన్నది. బయటికి వెళ్తావా అంటే తల అడ్డంగా ఊపింది. సిమెంటు కలపబోతుంటే తట్ట తన ముందు స్టూలు మీద పెట్టించుకుంది.

"ఇలా ఇవ్వు. ఇసుక ఎక్కువేస్తావు నువ్వు."

కలిపింది. ఎన్నేళ్ళయినా ఆ చేతికి పాళ్ళు తప్పలేదు. ఈసారి లోపలివైపు కూడా పూశాను, కుర్చీలోంచి కనిపించేంత మేరా, నున్నగా. బండ పెట్టి మట్టం చూశాను. సరిగ్గా ఇరవై ఎనిమిది.

అమ్మాయి కిందంతా తుడిచింది. మా ఆవిడ కుర్చీ తోసుకుంటూ లోపలికి వచ్చింది. మోకాళ్ళు గట్టు కిందికి తేలిగ్గా దూరాయి. మోచేతులు బండ మీద పెట్టింది. చేతిలో కత్తి ఉన్నట్టు రెండు మూడుసార్లు తరిగి చూసింది. ఎక్కడా తగల్లేదు, ఎక్కడా అందకుండా పోలేదు.

"ఇన్నాళ్ళకి నా కొలతకి కట్టావు మేస్త్రీ" అంది.

అని, చేతులు మడిచి బండ మీద పెట్టుకుని, వాటి మీద తల వాల్చి ఏడ్చింది. పడ్డ రోజు ఏడవలేదు, ఆస్పత్రిలో ఏడవలేదు, కాగితం ఆగిపోయిన రోజు కూడా ఏడవలేదు. ఇప్పుడు భుజాలు కదిలిపోయేలా, నా మనిషి ఇంత శబ్దం చేసి ఏడుస్తుందని నాకు తెలియనంతగా ఏడ్చింది. అమ్మాయి వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. తాపీ ఇంకా నా చేతిలోనే ఉంది.

కొత్తగా పెట్టిన బండ మీద ఏడు రోజులు బరువు ఆనించకూడదు. పని అయిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట రెండుసార్లు చెప్పి గానీ గడప దాటను. ఆ రోజు చెప్పలేదు. కమ్మీ కింద చేతులు పెట్టి, ఆమె తలెత్తేదాకా బండని అలాగే పట్టుకుని కూర్చున్నాను.